నాగేంద్రమ్మ ఎనిమిది ముగ్గు

మా ప్రొద్దుటూరులో నాగేంద్రమ్మ అనే బజ్జీలావిడ తన తోపుడుబండిని పులివెందుల దాకా వెనక్కి లాక్కుంటూ నడిచింది. పొయ్యి ఆరలేదు, బాణలిలో నూనె చుక్క ఒలకలేదు.

అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవారు. ఇప్పుడే అద్దంలో చూసుకుని కాస్త సవరిస్తున్నాను. పులివెందుల దాకా కాదు, మా సందు చివరి దాకా. పొయ్యి కూడా వెలిగించి లేదు. కానీ వెనక్కి నడిచిన మాట నిజం. రోజూ నడిచింది. ఎందుకంటే, ఆమెకు వ్యాను డ్రైవరు కావాలని ఉండింది.

నూనె పొగకు ఆమెను దగ్గు పట్టుకుంది. పొయ్యి దగ్గర నిలబడడం మానకపోతే మందులు పనిచేయవని డాక్టరు తేల్చేశాడు. అప్పుడే జమ్మలమడుగులో అర్చన అనే అమ్మాయి కుట్టుమిషన్ల షెడ్డు పెట్టింది. ప్రొద్దుటూరు నుంచి పనికి పోయే ఆడవాళ్ళ కోసం వ్యాను కొని, డ్రైవరు కూడా ఆడమనిషే కావాలని వెతుకుతోంది. అర్చన ఒకరోజు బండి దగ్గర బజ్జీలు తింటూ ఆ మాట అనగానే నాగేంద్రమ్మ గరిటె పైకెత్తి, "నేనొస్తా" అంది.

"నీకు డ్రైవింగు వచ్చునా అక్కా?"

"రాదు. నేర్చుకుంటా."

అర్చన నవ్వింది గానీ కాదనలేదు. "ఉగాదికల్లా లైసెన్సు తెచ్చుకో. అప్పటికీ లేకుంటే ఇంకొకరిని పెట్టుకుంటా."

మనమైతే ఇలాంటి కోరికను కడుపులో దాచుకుంటాం. నాగేంద్రమ్మ బజ్జీలతో పాటు ఆ మాట కూడా అందరికీ పొట్లం కట్టి ఇచ్చింది. ఎందుకమ్మా ఈ దండోరా అని అడిగాను.

"చెప్పకపోతే సోమవారం మొదలుపెడదాంలే అనుకుంటా కూచుంటా మామా. ఇప్పుడు చూడు, బజ్జీ కొనే ప్రతివాడూ అడగతాండాడు, యాడికొచ్చింది నీ డ్రైవింగని."

నేర్పడానికి పక్కింటి అబ్దుల్ సత్తార్ దొరికాడు. కువైట్‌లో నీళ్ళ ట్యాంకరు తోలి వచ్చిన మనిషి. తన పాత వ్యానులో తెల్లవారగానే మైలవరం రోడ్డు మీద నేర్పాడు. ముందుకు తోలడం తొందరగానే వచ్చింది. ఆమె హారను కొడితే ఎర్రగుంట్ల సిమెంటు లారీలు బెదిరి చేలల్లోకి దిగాయని రాద్దామనుకున్నాను గానీ, నాలుక గుర్తొచ్చింది.

లైసెన్సు పరీక్షలో ఎనిమిది ఆకారంలో ముందుకు చక్కగా తోలింది. వెనక్కి రమ్మన్నారు. మొదటి మలుపులోనే దారి పక్కన పాతిన గుంజను పడగొట్టింది. ఇన్‌స్పెక్టరు మళ్ళీ రమ్మని పంపేశాడు.

ఆ సాయంత్రం బజ్జీల బండి దగ్గర సత్తార్ నెత్తి పట్టుకున్నాడు. "స్టీరింగు అటుపక్కకు ఎందుకు తిప్పితివక్కా?"

"చేతులు నా మాట ఇనలేదు సత్తారూ. బండి ఎడమకు పోవాలంటే పిడి కుడికి నూకాల. ఇన్నేండ్లు చేసిందదే కదా!"

అసలు సంగతి అదీ. తోపుడుబండి నెట్టేవాళ్ళ చేతులకు అలవాటే అంత. వ్యాను ముందుకు పోయేటప్పుడు రోడ్డు కళ్ళెదుట ఉంటుంది కాబట్టి సర్దుకున్నాయి. మెడ వెనక్కి తిప్పేసరికి, భయంలో, పాత అలవాటు పైకొచ్చింది.

"రేపట్నుంచి నా వ్యానులోనే ఇంకొంచెం సేపు తోలు" అన్నాడు సత్తార్.

"నీ వ్యాను పొద్దున కాసేపే గదప్పా. ఈ బండి దినమంతా నా చేతుల్లోనే ఉంటాది. చేతులను చెడగొట్టింది ఇదే, బాగుచేసేదీ ఇదే."

మరునాడు వాకిలి ఊడ్చి, చుక్కల ముగ్గు మానేసి, సందు నిండా పెద్ద ఎనిమిది వేసింది. రెండు గీతలు, మధ్యలో దారి. ఆ దారిలో ఖాళీ బండిని వెనక్కి లాక్కుంటూ నడిచింది. బండి వెనక భాగం ఎటు పోవాలో అటే తాను నడవాలి. వ్యానులోనూ అంతే, వెనక భాగం ఎటు పోవాలో స్టీరింగు అటే తిప్పాలి. గీతను తొక్కితే అక్కడ ముగ్గు చెరిగిపోతుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఎనిమిదంతా కాకుండా, ముగ్గు చెరిగిన మలుపులోనే మళ్ళీ మళ్ళీ లాగేది. గీత చెరగని రోజు వచ్చిందంటే, మరునాడు దారిని ఇంకాస్త ఇరుకు చేసేది.

సత్తార్ తల్లి మైమూన్ గడప మీద నుంచి చూసి బిత్తరపోయింది. "ఏందే నాగేంద్రా ఈ ముగ్గు? దిష్టి తీస్తాండావా, దయ్యాన్ని పిలుస్తాండావా?"

"ఇన్‌స్పెక్టరును పిలుస్తాండా పెద్దమ్మా."

"ఆయప్పకు నాలుగు బజ్జీలు పెడితే సరిపోతాదిగా!"

"పెడితే ఆయన కడుపు నిండుతాది. నాకు రివర్సు వస్తాదా?"

దగ్గు ఎక్కువైన రోజులూ ఉన్నాయి. పడుకోవచ్చు కదా అంటే, "ఒక్క చుట్టు లాగి పడుకుంటా మామా. పూర్తిగా మానేస్తే రేపు లేవబుద్ధి కాదు" అనేది. ఒక్క చుట్టు లాగి, బండికి ఆనుకుని దగ్గి, లోపలికి పోయేది.

ఉగాది ముంగిట మళ్ళీ పరీక్షకు పోయింది. ఈసారి ఆమె కంటికి గుంజలు కనబడలేదట, ముగ్గు గీతలే కనబడ్డాయట. ఒక్క గుంజా కదల్లేదు. ఎవరు నేర్పారమ్మా అని ఇన్‌స్పెక్టరు అడిగితే, "మా వాకిలి సార్" అందని సత్తార్ ఊరంతా చెప్పాడు.

ఇప్పుడు పొద్దున్నే మా సందులో వ్యాను ఆగుతుంది. కుట్టుపని ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఎక్కుతారు. దగ్గు తగ్గింది, గొంతు మాత్రం పెరిగింది. తన కథ కదా, ఆమెకు చూపించకుండా పత్రికకు పంపడం బాగుండదని ఈ కాగితాలు పట్టుకుని పోయి వ్యాను కిటికీ దగ్గర నిలబడి మొత్తం చదివి వినిపించాను. ఆమె అంతా విని, మెడ వెనక్కి తిప్పి, మా కోడలు వేసిన ముగ్గు అంచును చక్రం తాకకుండా వ్యానును వెనక్కి పోనిచ్చింది.

"ఏంది మామా ఈ రాతలు?" అంది. "నేను బండి వెనక్కి లాగిందెప్పుడు, ఎనిమిది ముగ్గు ఏసిందెప్పుడు? గుంజను పడగొట్టింది నేనా? అంతా అబద్ధం. నాకు రివర్సు పుట్టుకతోనే వచ్చు."