విందు పాటకు నిలబడిన టెగ్వెన్

ప్రతి జనవరిలోనూ పాటల రాత్రి చివరికొచ్చేసరికి టెగ్వెన్ లేచి, గోడ పక్కగా, ఎవరికీ అడ్డం రాకుండా నడిచి, చర్చి వెనక గదిలోకి వెళ్ళిపోయేది. టీ నీళ్ళు కాగబెట్టడానికి. ఆవిడా, మిగతా ఆడవాళ్ళూ వెళ్ళేదాకా ఆగి, మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి ముందుకెళ్ళి, అర్ధచంద్రంలా నిలబడి విందు పాట ఎత్తుకునేవాళ్ళు. ఆ పాటతో మా ప్లగైన్, అంటే ఈ క్రిస్మస్ పాటల రాత్రి, ముగుస్తుంది. ఆ తర్వాత విందు. పాట మగవాళ్ళది, విందు ఆడవాళ్ళది. అంటే వండి పెట్టడం ఆడవాళ్ళది. తినేటప్పుడు మళ్ళీ మగవాళ్ళే ముందు.

పెళ్ళి కాకముందు నుంచి మనవలు పుట్టేదాకా ఆవిడ దీన్ని నోరెత్తకుండా భరించింది. మధ్య తలుపు మూసి ఉంటుంది కాబట్టి, ఆ పాటను ఎప్పుడూ టీ బాయిలరు బుసల మధ్య గోడ అవతలి నుంచే వింది. ఊళ్ళో దీనికి సంప్రదాయం అని పేరు పెట్టుకున్నారు.

మా హెలిగ్ లోయలో క్రిస్మస్ పాటలకు వాయిద్యం ఉండదు. ఆ రాత్రి ఆర్గన్ మూత దించే ఉంటుంది. పాస్టరు చిన్న ప్రార్థన చేసి కూర్చుంటాడు. ఆ పైన ఎవరూ ఎవరినీ పిలవరు. ఒక కుటుంబమో, ఒక ముగ్గురు నేస్తాలో తమంతట తాము లేచి వెళ్ళి, పాడి, వచ్చి కూర్చుంటారు. చప్పట్లు ఉండవు. ఒకరు పాడిన పాట ఆ రాత్రి ఇంకొకరు పాడరు. పాటకూ పాటకూ మధ్య మాట వినపడకూడదు. రమ్మనే పెత్తనం గానీ వద్దనే హక్కు గానీ ఎవరికీ లేదు. ఇంత మర్యాద గల పద్ధతిని కాపాడుకున్న జనమే, చివరి పాట దగ్గరికొచ్చేసరికి సగం ఊరిని టీ కెటిల్ దగ్గరికి తోలేస్తారు. పైగా అది కూడా మర్యాదే అంటారు.

టెగ్వెన్ బడి బస్సు డ్రైవరు. లోయ పైకొసన పెన్‌బ్రిన్ అనే గొర్రెల పొలం వాళ్ళది. ఆవిడ తండ్రికి కొడుకుల్లేరు. తండ్రి పోయాక ఆ ఇంటి పాటలన్నీ ఆవిడ గొంతులోనే మిగిలాయి. ఈ పాటలు చెవిన పడి రావలసిందే, పుస్తకం చూస్తే వచ్చేవి కావు. ఆవిడ బస్సులో రేడియో మోగనిచ్చేది కాదు. "మీకు నోళ్ళు లేవట్రా?" అనేది. ముందు సీట్లవాళ్ళకు పై గొంతు, వెనక సీట్లవాళ్ళకు కింది గొంతు. ఒక చరణం ఆవిడ పాడితే బస్సంతా తిరిగి పాడేది. "మలుపు దగ్గర ఊపిరి పీల్చండి. వంతెన దాటేలోపు వదిలారో, దింపేస్తా!" అని అద్దంలోంచి బెదిరించేది. ఇవాళ విందు పాటకు ముందుకెళ్ళి నిలబడే మొనగాళ్ళలో సగానికి పైగా ఆ బస్సులో నేర్చుకున్నవాళ్ళే. చెవి పెట్టి వినండి, ఇప్పటికీ ఆ మలుపు దగ్గరే ఊపిరి పీలుస్తారు.

నిరుడు శరత్కాలంలో ఆవిడ మెడలో గడ్డ కనపడింది. ఫిబ్రవరిలో ఆపరేషన్ అన్నారు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, ప్రాణానికి భయం లేదుగానీ గొంతు సంగతి చెప్పలేమని. మాట ఉంటుంది. పాట ఉండొచ్చు, పోవచ్చు.

అందుకని ఆవిడ జీవితంలో మొదటిసారి అడిగింది. నవంబరులో ప్లగైన్ కమిటీ కూర్చున్నప్పుడు వెళ్ళింది. కమిటీ అంటే అయిదుగురు మగవాళ్ళూ, ఒక బిస్కట్ల డబ్బా. కమిటీకి పెద్ద గెరాల్ట్. అతను ట్రాక్టర్లు అమ్ముతాడు, చర్చి తాళాలు అతని దగ్గరుంటాయి, విందు పాటకు శ్రుతిదండం మోగించేదీ అతనే.

"ఈ ఒక్క ఏడాది నేనూ నిలబడతాను. పై గొంతులో. మీకెలాగూ ఆ గొంతుకి ఇద్దరే మిగిలారు" అంది.

"టెగ్వెన్ బాఖ్..." అని మొదలెట్టాడు గెరాల్ట్. బాఖ్ అని మేము చంటిపిల్లల్ని ముద్దుగా పిలుస్తాం. ఆవిడ కంటే పదేళ్ళు చిన్నవాడు, ఆవిడ బస్సు వెనక సీట్లో కూర్చుని కిటికీ రబ్బరు పీకినవాడు, ఆవిడకు బాఖ్ తగిలించాడు. "నీ బాధ మాకు తెలీదా చెప్పు? కానీ ఇది మన తాతల నాటి పద్ధతి."

"మన తాతలు క్రిస్మస్ తెల్లవారుజామున మంచులో నడిచొచ్చి పాడేవాళ్ళు. నువ్వు జనవరిలో రాత్రి ఏడింటికి, కార్లో హీటరేసుకుని వస్తున్నావు. అది ఎవర్నడిగి మార్చారు?"

"అది అందరి సౌకర్యం కోసం."

"ఓహో. నీ నిద్ర కోసమైతే పద్ధతి వంగింది. నా గొంతు కోసం వంగదా?"

గెరాల్ట్ బిస్కట్ తీసుకున్నాడు. అతని పక్కనున్న ఈవోర్ పాడిరైతు, కింది గొంతు. మనసులో మాట దాచుకోవడం చేతకానివాడు. "అది కాదు టెగ్వెన్. ఇవాళ నువ్వొస్తావు, రేపు మీ చెల్లెలు నెస్టా వస్తానంటుంది, ఆ తర్వాత మా ఆవిడ. మరి టీ ఎవరు పెడతారు?"

"ఈవోర్, ఈ గదిలో నిజం చెప్పింది నువ్వొక్కడివే" అని నవ్వింది టెగ్వెన్.

అందరూ కమిటీలోనే ఉన్న పాస్టరు వైపు చూశారు. ఆయన చేతులు రెండూ ఎత్తి, "నేను బయటివాణ్ణి. ఇవి మీ లోయ వ్యవహారాలు" అన్నాడు. ఇక్కడికొచ్చి జుట్టంతా నెరిసింది, పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి. అయినా చిక్కొచ్చిన ప్రతిసారీ ఆయన బయటివాడైపోతాడు.

"వచ్చే ఏడాది ఆలోచిద్దాంలే" అని తేల్చాడు గెరాల్ట్. వచ్చే ఏడాదికి ఆ గొంతు ఉంటుందో లేదో వినీ, విననట్టే తేల్చాడు. కొందరు కాదు అనడానికి కూడా ధైర్యం లేక వాయిదా వేస్తారు.

జనవరి రెండో ఆదివారం చర్చి నిండిపోయింది. రేడియోవాళ్ళు మైకులు పెట్టారు. తాతల నాడు మైకులుండేవా అని ఎవరూ అడగలేదు. టెగ్వెన్, ఆవిడ పిన్ని కూతురు నెస్టా, నెస్టా కూతురు ముగ్గురూ వెళ్ళి పెన్‌బ్రిన్ ఇంటి పాట పాడి వచ్చారు. మరికొన్ని పాటలయ్యాక, ఎప్పటిలాగే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక గది వైపు కదిలారు. నెస్టా ఆవిడ చెయ్యి లాగింది.

"పదక్కా, హామ్ కోయాలి."

"నువ్వెళ్ళు" అంది టెగ్వెన్ గుసగుసగా. "పోతూ తలుపెయ్యి."

మగవాళ్ళు లేచారు. ముందుకెళ్ళి అర్ధచంద్రం కట్టారు. టెగ్వెన్ కూడా లేచి నడిచి వెళ్ళి, ఆ కొసన, ఈవోర్ పక్కన నిలబడింది.

ఎవరూ ఏమీ అనలేదు. అనలేరు. పాటల మధ్య మాట్లాడకూడదని, ఒకరు లేచి ముందుకొస్తే ఆపకూడదని వాళ్ళ సంప్రదాయమే చెబుతోంది. కాబట్టి వాళ్ళు ఇంకో పని చేశారు. మొదలుపెట్టలేదు.

గెరాల్ట్ చేతిలో శ్రుతిదండం ఉంది. దాన్ని మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటే అందరూ అందుకుంటారు. అతను కొట్టలేదు. ఆవిడ వైపు చూశాడు, తర్వాత పైకప్పు వైపు చూశాడు. ఆవిడ వెళ్ళి కూర్చుంటుందని ఎదురుచూశాడు. మిగతావాళ్ళు తలలు దించి బూట్లు చూసుకున్నారు. బస్సులో వాంతి చేసుకున్న రోజుల్లో ఆవిడ మొహాలు కడిగిన పిల్లలు వీళ్ళు. గొర్రె ఈనలేక చస్తుంటే అర్ధరాత్రి మంచులో దిగగలరు. ఒక ఆడమనిషి పక్కన నిలబడి నోరు తెరవలేకపోయారు. ఒక్కడికైనా, కనీసం ఒక్కడికైనా, "కొట్టవయ్యా దండం" అన్నట్టు మోచేత్తో పొడవాలని తోచలేదు.

ఆవిడ కూర్చోలేదు. తనే ఎత్తుకోవచ్చుగా అని తర్వాత అడిగితే, "ఎత్తుకుంటే అది నా ఒక్కదాని పాటయ్యేది. అలాంటివి చాలానే పాడాను. నాకు కావలసింది వాళ్ళ మధ్య పాడటం" అంది.

చివరికి పాస్టరు గబగబా లేచి, దీవెన చదివేసి, ముగించేశాడు. మాకు తెలిసినంతలో విందు పాట లేకుండా ప్లగైన్ ముగియడం అదే మొదలు.

వెనక గదిలో ఇంకా నీళ్ళు కాగలేదు. మగవాళ్ళు తోసుకుంటూ వచ్చేసరికి నెస్టా కత్తి పట్టుకుని నిలబడిపోయింది.

"ఏంటి, అప్పుడే వచ్చేశారు? పాట వినపడలేదే?"

"ఈసారి... పాడలేదు" అన్నాడు ఈవోర్, హామ్ పళ్ళెం అందుకుంటూ.

"పాడలేదా! మరి దేనికొచ్చారు?"

"ఆకలేస్తోంది కదా నెస్టా."

నిజమే. పాటకు తెరుచుకోని నోళ్ళు హామ్‌కూ, ఎండుద్రాక్ష రొట్టెకూ చక్కగా తెరుచుకున్నాయి. అంతలో టెగ్వెన్ వచ్చింది. ఎప్పటిలా కెటిల్ అందుకోలేదు. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

గెరాల్ట్ నోట్లో రొట్టె ఉండగానే అన్నాడు, "చూశావుగా, నీవల్ల పాట ఆగిపోయింది."

"దండం నీ చేతిలో ఉంది గెరాల్ట్. నా చేతులు ఖాళీ" అంది టెగ్వెన్. "నెస్టా, నాక్కూడా ఒక ముక్క వెయ్యి."

మర్నాటి నుంచి పోస్టాఫీసులో, గొర్రెల సంతలో ఒకటే మాట: టెగ్వెన్ విందు పాటను ఆపేసింది. ఆపింది ఇరవై మంది, పేరు మాత్రం ఒక్కదానికి. ఆపేసిన ఇరవై మందికీ అది హాయిగానే ఉంది.

ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. గడ్డ ప్రమాదకరమైంది కాదని తేలింది. మాట వచ్చింది, కాస్త బొంగురుగా. పాట రాలేదు. అందులో ఎవరి తప్పూ లేదు, ముందే చెప్పారు. ఆసుపత్రికి కమిటీ పూలు పంపింది. కార్డు మీద "మా ప్రియమైన గాయనికి" అని రాసి, అయిదుగురూ సంతకాలు చేశారు. మంచం పక్కన కూర్చున్న నెస్టా దాన్ని రెండుసార్లు చదివి, "సిగ్గులేని వెధవలు" అంది. టెగ్వెన్ పూలు ఉంచుకుని కార్డు తిరిగి పంపించేసింది.

వచ్చే జనవరిలో మళ్ళీ ప్లగైన్ ఉంది. గెరాల్ట్ శ్రుతిదండం తుడుచుకుని సిద్ధంగా ఉన్నాడు. టెగ్వెన్‌కు ఇక ఆ పాట పాడే గొంతు లేదు, ఆ అన్యాయానికి దిద్దుబాటు లేదు. కానీ ఇది చదువుతున్న మిమ్మల్ని అడగాలి. మీ చర్చి గాయక బృందంలోనో, మీ భజన మండలిలోనో, మీ వీధి పండగ వేదిక మీదో ఇలాంటి చివరి పాట ఒకటి ఉండే ఉంటుంది. అప్పుడు ఎవరు లేచి వంట వైపు వెళ్తున్నారో చూడండి. వెళ్ళేది మీరే అయితే, ఈసారి వెళ్ళకండి. స్టవ్ ఆర్పి వచ్చి నిలబడండి. ఒక్కరే రావద్దు, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని అందరూ రండి. ఒక్కదాన్నయితే అలసిపోయేదాకా నిలబెట్టి గెలుస్తారు. గది నిండా వస్తే వాళ్ళకు చూసుకోవడానికి బూట్లు చాలవు. ముందు నిలబడ్డ మగవాళ్ళలో మీరొకరైతే, తల దించుకోకండి. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, మొదలుపెట్టమనండి. అతను మొదలుపెట్టకపోతే మీరే మొదలుపెట్టండి. విందు కాస్త ఆలస్యమవుతుంది. కానివ్వండి.