నేరేడు రంగు కోట్లు

కాకి ఎంత నల్లగా ఉండాలో మా తాతని అడిగాకే నిర్ణయించారు. నమ్మకపోతే ఏ కాకినైనా అడగండి.

తాత నలభై రెండేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. ఫిల్ము రోజుల్లో, కడిగిన ప్రతి ఫోటోనీ గుమ్మం దగ్గర వెలుతుర్లోకి తెచ్చి, పాత కెమెరా మీద కప్పే నల్లగుడ్డ ముక్కతో పోల్చి చూసేవాడు. నలుపుకి నలుపు సరిపోతేనే ఫోటో బయటికి వెళ్ళేది. డిజిటల్ కెమెరా వచ్చాక చీకటిగదిలోకి చీపుర్లూ బకెట్లూ చేరాయి గానీ, ఆ గుడ్డముక్క మాత్రం తాత జేబు దిగలేదు.

ఆమధ్య ఒక బట్టల దుకాణం వాళ్ళు తొడుక్కునే కోట్లు పన్నెండు పంపి, ఫోటోలు తీయమన్నారు. బాబాయి కొన్న కొత్త కెమెరాతో తాత తీశాడు. ఏ కోటు ఏ రంగో పక్కన కాగితం మీద వరుసగా పన్నెండుసార్లు 'నలుపు' అని రాసి, కోట్లు తిప్పి పంపేశాడు.

మర్నాడు కంప్యూటర్ ముందు బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, వీటిలో ఆరు నల్లవి కావు. చూడు, నేరేడుపండు రంగు."

తాత చూశాడు. నిజమే, నిగనిగలాడుతున్న నేరేడు. జేబులోంచి గుడ్డ తీసి తెర పక్కన పెట్టాడు. అనుమానమే లేదు.

"నాకు నల్లగానే కనపడ్డాయిరా."

"కంటి డాక్టరు శుక్లం మొదలైందన్నాడు కదా. ఇకమీదట నువ్వు కౌంటర్ దగ్గర కూర్చో. ఫోటోలు నేను చూసుకుంటాలే."

బాబాయి మెత్తగానే అన్నాడు. అందుకే ఇంకా గుచ్చుకుంది. దుకాణానికి ఫోన్ చేసి అడిగితే తేలిపోయేదే. కానీ, "నా కన్ను పోయిందా బాబూ" అని ఎవర్ని అడుగుతాడు? ఇంట్లో నానమ్మ కుట్టుపెట్టె ముందేసుకుని నల్లదారాలూ ముదురు నీలందారాలూ వేరుచేశాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"రోజూ చూసే దారాలేగా, అలవాటు మీద తీసి ఉంటాను" అని తనకు తనే కొట్టిపారేసుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో, కెమెరా బాబాయికి అప్పగించే ముందు దాన్ని స్టాండు మీద పెట్టి తుడుస్తున్నాడు. ఎదురుగా నానమ్మ టీవీ రిమోట్‌తో యుద్ధం చేస్తోంది. కెమెరా తెరలో రిమోట్ కొసన ఊదారంగు చుక్క మెరిసింది. తాత తలెత్తి చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ తెరలో చూశాడు. చుక్క!

"మళ్ళీ నొక్కు."

"ఇందాకట్నుంచీ నొక్కుతూనే ఉన్నాగా!"

"ఇటు, కెమెరా వైపు నొక్కవే!"

"దాంట్లో సీరియల్ వస్తుందా ఏంటి?" అంటూనే నానమ్మ నొక్కింది. (టీవీ ప్లగ్గే పెట్టలేదని తర్వాత తెలిసింది.)

తాత కుర్చీలో కూలబడి నవ్వాడు. రిమోట్ వెలుగు మనిషి కంటికి కనపడదు. ఫిల్ము స్థానంలో ఉండే సెన్సర్‌కి కనపడుతుంది. ఆ వెలుగుని ఆపడానికి సెన్సర్ ముందు ఒక అద్దం పెడతారు; ఈ కెమెరాలో ఆ అద్దం బొత్తిగా పలచన. కొన్ని సింథటిక్ బట్టలు మన కంటికి నల్లగా ఉంటూనే ఆ వెలుగుని వెనక్కి కొడతాయి. సెన్సర్ దాన్ని ఎర్రరంగులో కలిపేసి నేరేడుపళ్ళు కాయించింది.

ఇప్పుడు ఫోన్ చేశాడు.

"నేరేడు కోటా?" అన్నాడు దుకాణం ఆయన. "అది వేసుకునేవాడు దొరికితే నాకూ చూపించండి. పన్నెండూ నలుపేనండీ!"

ఆ రాత్రి తాత రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

కోట్లు మళ్ళీ తెప్పించారు. కనపడని వెలుగుని ఆపే అద్దం ఒకటి లెన్సు ముందు బిగిస్తే నలుపు తిరిగొచ్చింది గానీ, ఫోటో మూలలు ఆకుపచ్చగా మారాయి. బాబాయి బిక్కమొహం వేశాడు.

"ఈ లెన్సు మరీ వెడల్పుగా చూస్తుందిరా. మూలల వెలుగు అద్దంలోంచి ఏటవాలుగా వస్తోంది, అలా వస్తే అద్దం కాస్త ఎరుపుని కూడా మింగేస్తుంది" అని తాత పొడుగు లెన్సు మార్చి, స్టాండు ఎత్తుకుని వీధి గుమ్మం దాకా వెనక్కి నడిచాడు. వెలుగు తిన్నగా పడింది. పన్నెండు కోట్లూ కాకుల్లా వచ్చాయి. బాబాయి వెళ్ళి కౌంటర్ దగ్గర కూర్చున్నాడు.

ఇదంతా రాసి తాతకి చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"కాకుల గొప్పలు తీసెయ్. నాలుగు రోజులు నా కంటి మీద నేనే నీలాపనింద వేశాను. అది రాయి. అదైనా అక్షరదోషాల్లేకుండా రాసి ఏడు."