ప్రార్థనకు వచ్చినవాళ్లకే

ఆవిడ ఆడవాళ్ల జైలుకు జైలరు. ఖైదీలు చాటుగా తాళాలమ్మ అని పిలుచుకునేవారు. తాళాల గుత్తి చప్పుడు వినబడితే చాలు, జుట్టూ జుట్టూ పట్టుకున్నవాళ్లు కూడా గప్‌చిప్ అయిపోయేవారు. అలాగని రాతి గుండె మనిషి కాదు. దైవభక్తి మెండు. పొద్దున్నే ప్రార్థన చేసుకోనిదే మంచినీళ్లు ముట్టేది కాదు.

ఆ భక్తి అక్క దగ్గర అబ్బింది. తల్లి పోయాక ఆవిడను పెంచింది అక్కే. ఆ అక్క వారం వారం జైలుకొచ్చి, కుట్టుపని గదిలో ప్రార్థన జరిపించేది. ప్రార్థనకు వచ్చినవాళ్లకు ములాఖత్‌లో, అంటే ఇంటివాళ్లను చూసుకునే వేళలో, రెట్టింపు సమయం దొరికేది. ముందున్న జైలరు పెట్టిన పద్ధతి అది. తాళాలమ్మకు అందులో తప్పేమీ కనబడలేదు. గది కిటకిటలాడుతుంటే అక్క ముఖం వెలిగిపోయేది, అది చూసి చెల్లెలు మురిసిపోయేది.

ఒకనాడు కాపలా మనిషి రాక, ములాఖత్ గదిలో తాళాలమ్మే నిలబడాల్సి వచ్చింది. చివరి కిటికీ దగ్గర ఒక ఖైదీ ఉంది, బయట దర్జీగా బతికిన మనిషి. ఆమెది వేరే మతం. ప్రార్థన గది గడప ఎన్నడూ తొక్కలేదు. అవతల ఆమె కూతురు ఊడిన పన్ను చూపిస్తూ, ఇనుప జాలీకి నోరానించి ఏదో చెబుతోంది. మాట సగంలో ఉండగానే గంట మోగింది. వెంట వచ్చిన అమ్మమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని లాగితే, అది పక్క కిటికీలవైపు చూపించి, "వాళ్లింకా మాట్లాడుకుంటున్నారుగా!" అని గొల్లుమంది.

దర్జీ ఏడవలేదు. తాళాలమ్మ దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"వచ్చే వారం నేనూ వస్తానమ్మా ప్రార్థనకి. ఏమనాలో కాస్త నేర్పించరూ?"

"మా దేవుడి మీద నమ్మకం కుదిరిందా?"

"అబద్ధమెందుకమ్మా, కుదర్లేదు. ఏమీ అనుకోవద్దని మా దేవుడికి చెప్పుకున్నాను. పిల్ల కోసం."

తాళాలమ్మ ప్రాణంగా చూసుకునే మాటల్ని ఈమె కూతురి కోసం అరువు తెచ్చుకోబోతోంది. ఆ గతి పట్టించింది ఎవరో కాదు, ఆ పద్ధతిని సాగనిచ్చిన తనే.

మర్నాడే పద్ధతి మారిపోయింది. ములాఖత్ అందరికీ ఒకటే, అదీ ఆ రెట్టింపు సమయమే. ప్రార్థనకు రావడం, మానడం ఎవరిష్టం వాళ్లది. వేరే మతాలవాళ్లు తమ పెద్దల్ని పిలిపించుకుంటే, అదే గది ఇంకో పూట.

ఆ వారం అక్క ముందు కూర్చున్నది ముగ్గురే. ఆమె తిన్నగా ఆఫీసు గదిలోకి వచ్చిపడింది.

"నా పరువు తీశావు కదే! దేవుడి పనికే అడ్డుపడతావా?"

"అడ్డుపడలేదక్కా. వాళ్లు ఇన్నాళ్లూ వచ్చింది పిల్లల్ని చూసుకోడానికి. జైలరునై ఉండి నా దేవుడికి దణ్ణం పెట్టమంటే, అది పిలుపెలా అవుతుంది? బెదిరింపవుతుంది."

"పెంచిన చేతికే నీతులు చెబుతున్నావు!" అని అక్క విసవిసా వెళ్లిపోయింది.

చాలాకాలం ఇద్దరికీ మాటల్లేవు. కానీ ఆ ముగ్గురి కోసం అక్క రావడం మానలేదు. చెల్లెలి వైపు చూడకుండానే వచ్చేది, వెళ్లేది.

ఒక సాయంత్రం గేటు దగ్గర అక్కే ఆగింది.

"ఇవాళ ఒకావిడ నిలదీసిందే. మీ దేవుడు నా బిడ్డ చావునెందుకు ఆపలేదని. ఇన్నేళ్లలో ఒక్కరూ నన్నలా అడగలేదు."

"ఏం చెప్పావక్కా?"

"తెలీదన్నాను. ఇద్దరం కూర్చుని ఏడ్చాం."

తాళాలమ్మ గేటు తీసి, వీధి మలుపు దాకా అక్కతోపాటు నడిచింది.