రేసుకారుకు ఏడాది జిమ్మా

చార్మినార్ బస్సులో కండక్టరుగా పనిచేసే భిక్షపతికి కారు నడపడం రాదు. రాకపోయినా కారు కొన్నాడు. పోనీ ఏ అంబాసిడరో ఫియటో అయితే జనం ఎలాగో సర్దుకునేవాళ్లు. ఈ మహానుభావుడు కొన్నది రేసుకారు! యాకుత్‌పురాలో అతని ఇంటి వెనక ఒక దేవిడీ, పాతకాలపు నవాబుల మహలు ఉంది. అక్కడి నవాబుగారు వయసులో ఉన్నప్పుడు విలాయతు నుంచి తెప్పించుకున్న ఎర్ర బండి అది. పైన కప్పు లేదు, రెండే సీట్లు. నవాబు పోయాక బేగంసాహెబా దాన్ని అమ్మకానికి పెట్టింది. భిక్షపతి ఆ బండిని చూడగానే, బాసింగం కట్టుకున్న పెళ్లికొడుకొకడు అందులో కూర్చుని బరాత్‌లో ఊరేగుతున్నట్టు కళ్లకు కట్టింది. గుర్రాలు ఎక్కే రోజులు పోయాయి, ఇలాంటి కారుంటే పెళ్లివాళ్లు ఎగబడి వస్తారు అనుకున్నాడు. నడపడానికి పక్కింటి ఆటో డ్రైవరు రామ్‌చందర్ ఉండనే ఉన్నాడు.

భార్య కాశమ్మ నెత్తి కొట్టుకుంది. బస్సుకు రైట్ చెప్పేవాడికి రేసుకారెందుకని గల్లీ అంతా నవ్వుతుంటే ఆమెకు బయటికి వెళ్లడమే నామోషీ అయింది. చివరికి ఒక్క షరతు పెట్టింది. పాత బండి, రేపు ఆగిపోతే ఎవరు బాగుచేస్తారో తేల్చుకున్నాకే కొనాలంది. అమ్మిన తర్వాత తమకు సంబంధం లేదని దేవిడీవాళ్లు ముందే చెప్పేశారు. అప్పుడు వచ్చాడు గౌస్ మిస్త్రీ.

ఆయన షెడ్డు పత్తర్‌గట్టి వెనక గల్లీలో ఉంది. అరవై దాటిన మనిషి, బక్కపలచన, మాట తక్కువ. నవాబు కాలం నుంచి ఆ కారును చూసుకున్నది ఆయనే. కారు ధర కాక తనకు మూడు వందలు ఇస్తే ఏడాది పాటు బండి తన జిమ్మా అన్నాడు. సామాన్ల ఖర్చు భిక్షపతిది, పని తనది. ఎక్కడ ఆగినా కబురు పెడితే వచ్చి చేసిపోతాడు. దీనికి కాగితం లేదు, స్టాంపు లేదు. ఆ బజారులో జిమ్మా అంటే అంతే. నలుగురి ముందు ఆ వస్తువు మీద చెయ్యిపెట్టి 'నా జిమ్మా' అంటే, ఆ తర్వాత దానికేమైనా ఆ మనిషి మెడకే. గౌస్ మిస్త్రీ ఇరానీ హోటలు ముందు కారు బానెట్ మీద చెయ్యిపెట్టి ఆ మాట అన్నాడు. చాయ్ తాగి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇక చూడండి మనవాడి దర్జా! హారను గొంతు మారిందని కబురు. అద్దం వదులైందని కబురు. దండల్లోని పూరేకులు సీటు సందులో పడ్డాయని కూడా కబురు పెట్టాడంటే ఏమనాలి? ప్రతిసారీ ఆ ముసలాయన సామాన్ల సంచీ హాండిలుకు తగిలించుకుని, ఎండనకా వాననకా, వచ్చి చేసిపోయేవాడు. డిపోలో ఎవరైనా నీ బండి ఎట్లుందని అడిగితే భిక్షపతి కాలు మీద కాలు వేసుకుని, "నాకేం ఫికర్ భాయ్, మిస్త్రీని ఏడాదికి కొనుక్కున్న" అనేవాడు. ఆ మాట ఒకరోజు మిస్త్రీ చెవిన కూడా పడింది. పడినా, కబురందితే వస్తూనే ఉన్నాడు.

బండి కొన్న ఏడాదికి మళ్లీ శ్రావణం వచ్చింది. ఆ ఏడు శ్రావణమూ రంజానూ కలిసి వచ్చాయి. జిమ్మా గడువు ఇంకో వారంలో అయిపోతుందనగా భిక్షపతి లెక్కలు వేసుకున్నాడు. ఇచ్చిన పైసలకు సరిపడా పని జరగలేదనిపించింది. గడువు దాటేలోపు ఇంజన్ మొత్తం విప్పించి కొత్తదానిలా చేయించుకుంటే మళ్లీ కొన్నేళ్లు చూసుకోనక్కర లేదు కదా! అడిగితే మిస్త్రీ తల అడ్డంగా ఊపాడు. మంచిగా నడుస్తున్న ఇంజన్‌ను విప్పితే చెడుతుందన్నాడు. తప్పించుకోవడానికే అలా అంటున్నాడని భిక్షపతికి ఒళ్లు మండింది.

అప్పుడు చేశాడు ఆ పని. డ్యూటీకి పోయేముందు, కాశమ్మ నల్లా దగ్గర బిందె నింపుతుండగా, కారు టాంకీ మూత తీసి సగం చెంబు నీళ్లు పోశాడు. మూత జాగ్రత్తగా బిగించాడు. రేపు సెలవు. రామ్‌చందర్‌తో తీయిస్తాడు, బండి దగ్గి దగ్గి ఆగుతుంది, ఇంజన్ పోయిందనుకుని మిస్త్రీ తనంతట తానే విప్పుతాడు. చూశారా తెలివి! ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఈల కూడా వేశాడు.

సాయంత్రం బస్సు మదీనా దాటి పత్తర్‌గట్టిలోకి వచ్చేసరికి ముందు బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. లోపల చెమట, ఉక్క, తిట్లు. ఏమైందో చూద్దామని భిక్షపతి దిగాడు. బ్యాండువాళ్లు వాయించడం మానేసి గట్టున కూర్చున్నారు. రోడ్డుకు అడ్డంగా, పూలదండలతో, ఎర్రగా తన కారు. అందులో చెమటలు కక్కుతూ పెళ్లికొడుకు.

రామ్‌చందర్ పరుగున వచ్చి సంగతి చెప్పాడు. యాకుత్‌పురాలో ఉండే హెడ్‌గుమాస్తా వామన్‌రావుగారి కొడుకు పెళ్లి. మాట్లాడుకున్న బండి రాకపోయేసరికి ఆయనే ఇంటికి వచ్చి బతిమాలితే, పాపం కాశమ్మ కాదనలేకపోయింది. రామ్‌చందర్ నడుపుకొస్తే బండి ఇక్కడిదాకా వచ్చి ఆగింది. మిస్త్రీ షెడ్డు దగ్గరే కదా అని పిలుచుకొచ్చాడు.

గౌస్ మిస్త్రీ బానెట్ ఎత్తి వంగి ఉన్నాడు. పెట్రోలు గొట్టం విప్పి అరచేతిలోకి నాలుగు చుక్కలు ఒంపుకుని చూశాడు. నీళ్లు, పెట్రోలు వేరువేరుగా మెరిశాయి. ఆయన టాంకీ మూత తిప్పి చూశాడు, గట్టిగా బిగించే ఉంది. తర్వాత తలెత్తితే ఎదురుగా భిక్షపతి. సంచీలోంచి రబ్బరు పైపు తీసి ఒక కొస టాంకీలో వేసి, రెండో కొస అతని చేతికిచ్చాడు.

"నాది రోజా ఉన్నది బేటా, ఉపాసం, నోట్లె పెట్టరాదు. నువ్వు గుంజు."

పక్కన రామ్‌చందర్ ఉన్నాడు, ఇంకా పదిమంది ఉన్నారు. పైపు మాత్రం అతని చేతికే వచ్చింది. భిక్షపతి మోకాళ్ల మీద కూర్చుని గుంజాడు. పొద్దున పోసిందంతా పెట్రోలుతో కలిసి నోట్లోకి వచ్చింది. ఉమ్మేసినా నాలుక మండుతూనే ఉంది.

ఇంతలో వామన్‌రావు వచ్చాడు. ముహూర్తం దగ్గరపడుతున్న తండ్రి, కోపం రాదా మరి! "ఏంది మిస్త్రీ, ఈ బండికి గ్యారంటీ నీదంట గదా? పదిమందిల మా ఇజ్జత్ తీస్తివి. పండుగ పూట పని మీద సోయి లేదా నీకు?" ఇంకా చాలా అన్నాడు. బ్యాండువాళ్లు నవ్వారు. ఎవరో కుర్రాడు ఈల వేశాడు.

గౌస్ మిస్త్రీ లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. "గలతీ నాదే సాబ్. టాంకీ మూత మంచిగ బిగియలే నేను. నీళ్లు పడ్డయ్. మాఫ్ చెయ్యుండ్రి."

మూత బిగించింది ఎవరో భిక్షపతికి తెలుసు. 'కాదు, నేను' అనాలి. రెండే మాటలు. రోజంతా గొంతు చించుకుని స్టాపుల పేర్లు అరిచేవాడికి ఆ రెండు మాటలు రాలేదు. వామన్‌రావు తన వైపు తిరిగి, నువ్వైనా చూసుకోవాలి కదయ్యా అంటే, ఛీ, తలకాయ కూడా ఊపాడు. ఆ ఊపినందుకు తర్వాత ఎన్ని రోజులు తనను తాను తిట్టుకున్నాడో దేవుడికే ఎరుక.

టాంకీ కడిగి కొత్త పెట్రోలు పోశాక బండి లేచింది. బ్యాండు మళ్లీ మోగింది. బరాత్ కదులుతుండగా ఇఫ్తార్ సైరన్ వినిపించింది. మిస్త్రీ చేతులు తుడుచుకుని జేబులోంచి ఖర్జూరం తీశాడు. భిక్షపతి హోటల్లోకి ఉరికి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. "చాచా..." అన్నాడు.

ఆయన నీళ్లు తాగి గ్లాసు తిరిగి ఇచ్చాడు. "జిమ్మా ఇంక అయిపోలే. ఏమన్న చేయించుకునేదుంటే నోటితోని చెప్పు బేటా. బండిని తకలీఫ్ పెట్టకు."

భిక్షపతి బస్సులోకి తిరిగి వచ్చాడు. దగ్గరగా వచ్చి టికెట్టు ఇవ్వబోతే ముందు సీటులో ముసలామె ముక్కు మూసుకుంది. డ్యూటీలో ఏం తాగినవు కొడుకా, నీ పెండ్లాం పిల్లలు ఏం కావాలె అని బుద్ధి చెప్పింది. అతను చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

ఆ తర్వాత మిస్త్రీకి కబురు పెట్టలేదు. ఎలా పెడతాడు, ఏ మొహంతో? అయినా గడువు ముగిసే రోజు పొద్దున్నే ఆయనే వచ్చాడు. సైకిల్ చప్పుడు వినగానే భిక్షపతి లోపలి గదిలోకి దూరి, డ్యూటీకి పోయిండని చెప్పమని కాశమ్మకు సైగ చేశాడు. ఆమెకు ఏమీ అర్థం కాకపోయినా అలాగే చెప్పింది.

మిస్త్రీ బానెట్ ఎత్తాడు. ఒక్కొక్క నట్టూ బిగించాడు, తీగలు తుడిచాడు, ఆయిల్ మార్చాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చేశాడు. తలుపు వెనక గోడకు ఆనుకుని భిక్షపతి అంతా వింటూనే ఉన్నాడు. ఎన్నిసార్లు లేవబోయాడో. సిగ్గు, భయంకరమైన సిగ్గు, కూలదోసినట్టు మళ్లీ కూర్చోబెట్టేది. చివరికి ఇంజన్ మోగింది. మెత్తగా, ఎక్కడా తడబడకుండా మోగి, బండి రెండడుగులు ముందుకు జరిగి ఆగింది. సైకిల్ వెళ్లిపోయిన చప్పుడు వినిపించాకే ఊపిరి తీసుకున్నాడు.

కాశమ్మ లోపలికి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"బండి మంచిగున్నదట, జిమ్మా పూరా అయ్యిందట. డ్యూటీ నుంచి వచ్చినంక చెప్పమన్నడు" అంది. "నీ చెప్పులు టైరు ముందలనే ఉండె. బండి ముందుకు తీయంగ నలుగుతయని ఆయననే చేతులతోని ఎత్తి గడప కాడ పెట్టి పోయిండు."