రుమాలులో అయస్కాంతం

పళ్ళ డాక్టరు గారి జేబులో ఎప్పుడూ రుమాలులో చుట్టిన అయస్కాంతం ఉంటుంది. పుచ్చిన పన్ను పూడ్చి, అతుకు తెలియకుండా నునుపు చేయడం ఆయన వృత్తి. అందుకే నిగనిగలాడే దేన్నీ నమ్మరు. గాలితోనే ఇంజను చల్లబడే ఒక పాత స్పోర్ట్స్ కారును కొనేముందు, తుప్పు మీద లప్పం పూసి రంగేశారేమోనని దాని ఒళ్ళంతా అయస్కాంతం ఆనించి చూశారు. లప్పమైతే అతుక్కోదు. అంతటా అతుక్కుంది. అయినా మనసు కుదుటపడలేదు. ఏటేటా కారు విలువతో పాటు అనుమానమూ పెరిగింది. మెకానిక్ ఆయిల్ మారుస్తుంటే పక్కనే నిలబడి డబ్బా వాసన చూస్తారు. రోజూ పొద్దున్నే షెడ్డులోకి వెళ్ళి, రాత్రికి రాత్రి ఎవరో రేకు మార్చేసినట్టు, అయస్కాంతంతో కారంతా తడుముతారు.

మొన్న తలుపు మీద సన్నటి గీత కనబడింది. అల్లుడి చేతి వాచీ తీయించి చూశారు. అతను అలిగి భోజనం మానేశాడు. పక్కింటి పిల్లి గోళ్ళను కూడా వదల్లేదు. చివరికి భార్య వచ్చి, ఆయన చేతిలోని రుమాలును వెలుతురులో తిప్పింది. అయస్కాంతం లాగిన ఇనుప రజను బట్టకు గరుగ్గా అంటుకుని ఉంది.

"రోజూ రుద్దేది దీంతోనేగా," అంది.

ఆయన రుమాలును ముక్కుకు ఆనించి వాసన చూశారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు.

"ఇది ఉతికింది ఎవరు?"