సర్కారు తాళం

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఆఫీసులకు వేసిన డేరాలు చాలక ఊళ్లోని ఇళ్లు కూడా సర్కారు వాళ్లు తీసుకున్నారు. నేనప్పుడు కుర్ర ప్లీడరును, మునిసిపాలిటీలో మెంబరును. మా మేనత్త మిద్దె ఇంటికీ నోటీసు వచ్చింది. మామ పోయాక ఆమె ఒక్కతే ఉండేది, పిల్లల్లేరు.

“ఇచ్చేదానికి నాకేం బాధ లేదు నాయనా. మీ మామ పాడె లేచిన గడపలోంచే నా పాడె కూడా లేవల్ల. దానికి నువ్వు పూచీ” అంది.

“నేనుండాను గదత్తా” అన్నాను. ఆమె మూటాముల్లె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది.

కొన్నేళ్లకే రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. లారీల మీద బల్లలు, బీరువాలు, కాగితాల కట్టలు ఎక్కించారు. పోతూ పోతూ అత్త ఇంటికి తాళం వేసి, లక్క ముద్ర కొట్టి, తాళంచెవి కూడా పట్టుకుపోయారు! దాంతో హైదరాబాదులో ఏ తలుపు తీద్దామనుకున్నారో ఆ మహానుభావులకే తెలియాలి.

ఆ చలికాలం అత్తకు ఆయాసం ముదిరింది. నేను కాళ్లరిగేలా కలెక్టరాఫీసు చుట్టూ తిరిగాను. ఇల్లు అప్పగించమని ఆర్డరైతే వచ్చింది గానీ తాళంచెవి రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. పైగా అక్కడి గుమాస్తా నాకే నీతి చెప్పాడు.

“సీలు తెంచితే కేసయితాదప్పా. ప్లీడరువి, నీకు తెల్దా?”

తెలుసు. అదే నా ఖర్మ.

ఒక మధ్యాహ్నం మనసుండబట్టక, అత్తను జట్కాలో ఎక్కించుకుని ఆమె ఇంటికి తీసుకుపోయాను. గునపం కూడా వెంట తెచ్చాను. అరుగు మీద కూర్చోబెట్టి తాళం మీదికి గునపం ఎత్తబోతే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“వద్దు. ఈ వీధి వీధంతా నీకు ఓటేసినారు. సర్కారు తాళం పగలగొట్టినోడని రేపు ఎవరన్నా అంటే ఆ మాట నేను పడలేను. వస్తాదిలే తాళంచెవి. అంతలోనే నేను యాడికి పోతాండా?”

ఆమె మీదా, ఆ పాడు చట్టం మీదా, నా మెంబరుగిరీ మీదా ఒళ్లు మండిపోయింది. గునపం జట్కాలో పడేశాను.

ఆ వారంలోనే, తెల్లవారుతుండగా, అత్త మా ఇంట్లో కన్ను మూసింది. నేను మళ్లీ గునపం అందుకున్నాను. ఈసారి మా వీధి పెద్దాయన అడ్డం వచ్చాడు.

“ఏమప్పా, ఏం చేస్తాండావు? పానం పోయినాక పీనుగను ఇంట్లోకి తీస్కపోతారా యాడన్నా? బతికుండంగా తియ్యల్ల ఆ తలుపు.”

కాదనడానికి నా దగ్గర ఏ సెక్షనూ లేదు. పాడె మా గుమ్మంలోంచే లేచింది. దారిలో పాడె దించి, చనిపోయిన మనిషిని చెవిలో పిలిచే ఆచారముంది కదా, దానికి అత్త ఇంటి ముందు దించమని బతిమాలాను. ఆమె చెవి దగ్గర వంగి “అత్తా, మనింటికొచ్చినాం” అన్నాను. ఎదురుగా లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

పెద్దకర్మ అయిపోయాక తాళంచెవి వచ్చింది.

తర్వాత నేను చైర్మన్నయ్యాను. సన్మాన సభలో ఒకాయన దండ వేసి, సొంత మేనత్త కోసం కూడా సర్కారు తాళం ముట్టని మనిషని నన్ను పొగిడాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆ దండ తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేశాను.