రెండు రౌటర్లు, రెండు గంటల ఫోను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదు. ఇరవై రెండేళ్లు, పత్రికాఫీసులో చేరి ఎనిమిది నెలలు. 'ఇంటినిండా వైఫై: పది చిట్కాలు' అని ఒక వ్యాసం కూడా రాశాను (అప్పటికి రౌటర్‌ను చేత్తో ముట్టుకున్నది లేదు, తొమ్మిది చిట్కాలకే సరుకు అయిపోతే పదోది కల్పించాను). ఛత్రినాకలో మా పెద్దనాన్న ఇంట్లో ఉండేవాణ్ణి. కింద ఆయన బట్టల దుకాణం, పైన ఇల్లు. పైనున్న పాత ల్యాండ్‌లైన్ ఎప్పుడూ గరగరమనేది. దాన్ని తీసేసి, అదే నంబరుతో ఇంటర్నెట్ ఫోను పెట్టిద్దామని నేనే పట్టుబట్టాను. "పేపర్ల రాసినోడు, వానికి ఎర్కలేదా?" అని పెద్దనాన్న ఒప్పుకున్నాడు.

బయటి తీగ దుకాణంలోకే వస్తుంది కాబట్టి మొదటి రౌటర్‌ను కంపెనీ మనిషి అక్కడే బిగించాడు. మిగతాది నేను చూసుకుంటానని అతన్ని పంపేశాను. మెట్ల పక్కగా కేబుల్ లాగి, పైన రెండో రౌటర్ పెట్టి, ఫోనును దానికి కలపాలి. గోడకు మేకులు కొడుతుంటే ఎదురుగా కుట్టుమిషను దగ్గర కూర్చున్న దర్జీ చాచా ఊరుకోలేదు. "అరే మియా, గంత వంకరగ పోతున్నవేంది? నేనొచ్చి టాకా వెయ్యాల్నా?" అన్నాడు. కుట్టు వంకరే గానీ పని మాత్రం పూర్తయింది. పొద్దున పదకొండింటికి నా మొబైల్ నుంచి చేస్తే ఫోను మోగింది. పెద్దమ్మ ఎత్తి, "మస్తు సాఫ్ ఇనవడ్తుందిరా!" అంది. నేను చేతులు దులుపుకున్నాను.

ఆ ఇంట్లో ఫోను ఉన్నదే మధ్యాహ్నం రెండు గంటల కాల్ కోసం. జగిత్యాలలో ఉండే పెద్దమ్మ వాళ్ల అక్కకు చూపు మందగించింది. ఆమె వేళ్లకు గుర్తున్నది ఈ ఒక్క నంబరే. రోజూ అన్నం తిని సరిగ్గా రెండింటికి చేస్తుంది. ముందు రోజే ఇద్దరూ మామిడికాయ తొక్కులో ఆవపిండి ఎంతన్న దాని మీద లొల్లి పెట్టుకున్నారు. ఆ రోజు రెండయింది, రెండున్నర అయింది, ఫోను మోగలేదు. "అలిగింది" అంది పెద్దమ్మ. మర్నాడూ మోగలేదు. మీరే చెయ్యండంటే, "తప్పు దానిది, అదే చెయ్యాలె" అని పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. మొబైల్‌లో చూస్తే వైఫై నిండుగా ఉంది, ఇంటర్నెట్ మాత్రం లేదు. అప్పుడు అర్థమైంది, అలిగింది అక్క కాదు, నా ఫోను. ఆ మాట పెద్దమ్మకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

చిత్రమేమిటంటే నాలుగింటికి అంతా దానంతటదే బాగయ్యేది. నేను రౌటర్‌ను మార్చి మార్చి పెట్టాను, పాస్‌వర్డు మార్చాను, డంగుసున్నం గోడను అనుమానించాను. కంపెనీకి ఫోను చేస్తే, "కింది రౌటర్‌లో దీపాలు వెలుగుతున్నాయా సార్?" అని అడిగారు. "నేనే దగ్గరుండి పెట్టించాను, వెలుగుతాయి" అని కసిరాను (చూసింది పొద్దున, ఫోను చేసేటప్పటికి దుకాణం షటర్‌కు తాళం).

మూడో రోజు ఒంటిగంటన్నరకు కింది నుంచే పరీక్షిద్దామని దుకాణంలో కూర్చున్నాను. పెద్దనాన్న అన్నానికి లేచాడు. "నడువు, మూస్తున్న" అంటూ గోడవైపు వెళ్లి దుకాణం మెయిన్ స్విచ్ కిందికి లాగాడు. ఫ్యాను ఆగింది. రౌటర్ దీపాలన్నీ ఒక్కసారిగా కన్ను మూశాయి.

"మెయిన్ బంద్ చేసిన్రేంది?" అని అరిచాను.

"రోజూ చేస్తా, మళ్ల నాలుగింటికి తెరిచేదాక. బట్టల దుకాణం, నిప్పంటుకుంటే ఎవరు జిమ్మేదారు?"

"నాకు చెప్పలేదేంది పెద్దనాన్నా?"

"నువ్వడిగినవా?"

ఇక ఆవపిండి, అక్క, రెండు గంటలు అన్నీ చెప్పేసి తప్పు ఒప్పేసుకున్నాను. ఆయన మెయిన్ పైకెత్తాడు. కానీ దాన్ని అలా వదిలి పైకి రావడానికి ఆయనకు మనసొప్పలేదు. పళ్లెం కిందికే తెప్పించుకుని, స్విచ్‌కు ఎదురుగా స్టూలేసుకుని, దాని మీంచి కన్ను తిప్పకుండా పప్పన్నం కలుపుకున్నాడు. రెండింటికి పైన ఫోను మోగింది. "నేనెందుకు అలుగుతనే? అలిగింది నువ్వు! ఏందీ, రిసీవర్ పక్కకు పెట్టిన్నా? నేనా?" పెద్దమ్మ గొంతు మెట్ల మీదుగా దిగివచ్చింది. కాసేపటికి అది నవ్వయింది, ఆ తర్వాత మళ్లీ ఆవపిండి దగ్గరికే వెళ్లింది.

"లైన్ మంచిగున్నదా?" అన్నాడు పెద్దనాన్న.

"మంచిగున్నది."

"అయితే పెరుగు తే."

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి కింది రౌటర్‌కు పైనింటి మీటరు నుంచి కరెంటు ఇచ్చాడు, పావుగంట పని. ఇప్పుడెవరైనా వైఫై రావడం లేదని నన్ను అడిగితే, ముందు ఆ ఇంట్లో వాళ్లు ఎప్పుడు లేస్తారు, ఎప్పుడు తింటారు, ఏది ఆర్పేస్తారు అని అడుగుతాను. నాకు బోలెడు తెలుసనుకుంటారు. చేతిలో సుత్తితో మెట్ల మీద నిలబడ్డ ఇరవై రెండేళ్ల ఆ కుర్రాడికి ఇవేవీ తెలియవు. అయినా అతనికున్న ధీమాలో సగం ఎవరైనా నాకిస్తానంటే, ఈ తెలివంతా పెట్టి కొనుక్కుంటాను.